కాశీయాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

మన తిరువొత్తియూరునకు దక్షిణమున ఆనుకొని తండయారుపేట యున్నది. నేడు ఈ రెండూళ్ల నడుమ ఎల్ల యెక్కడనో చూపుట కష్టము. ఇండ్లు, అంగళ్లు, కర్మాగారములు ఒకదానితో నొకటి కలిసిపోయినవి. నూట తొంబది యేండ్లకు పూర్వము అట్లు కాదు. ఆ ప్రదేశము చెన్నపట్టణపు కోటకు దూరముగా తోటలతో నిండియుండెను. అట్టి తోటలలో ఒకదానియందలి యింటినుండి 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీ మంగళవారము రాత్రి ఒక తెలుగు పెద్దమనిషి పరివార సమేతముగా కాశికి బయలుదేరెను. పదునైదు నెలలకు పైగా బాటలమీదనే కాపురముండి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి చెన్నపట్టణము చేరెను. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన యాత్రలో వ్రాసినదే కాశీయాత్రచరిత్ర. తెలుగున యాత్రాగ్రంథములకు అది మొదటిదని పెద్దలు చెప్పుదురు.

మన ఇరుగుపొరుగున నివసించిన యీ మహనీయుని పేరు మన విద్యార్థులలో పలువురకు తెలియదు. అందుచేత ఆయన జీవితమును, ముఖ్యముగా ఆయన దారిలో బ్రదికిన తీరును, మాకు తెలిసినంతవరకు ఇచట వివరింప దలచితిమి.

వీరాస్వామయ్య 1780 ప్రాంతమున జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయెను. ఇంటి భారము లేత భుజములపై పడిన బాలురు కొందరు క్రుంగిపోవుదురు, కొందరు పెరుగుదురు. ఈ బాలుడు పెరిగెను. చిన్ననాటనే ఇంగ్లీషు నేర్చి, ఈస్టిండియా కంపెనీవారి కచేరీలో ప్రవేశించెను. తెలుగు, తమిళము, సంస్కృతము కూడ ఆయనకు తెలియును. క్రమముగా ఒక్కొక్క మెట్టే యెక్కి, చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన దుబాసీ అయ్యెను. ఆ న్యాయస్థానము 1801లో ఏర్పడినది. న్యాయమూర్తులు ఇంగ్లండునుండి వచ్చినవారు, వాదిప్రతివాదులు ఈ దేశపువారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. సాక్షి చెప్పినది ఒక్క మాటయైనను తప్పక, పెంచక, త్రుంచక న్యాయమూర్తికి విన్నవించుటయే దుబాసీ ధర్మము. ఒక పదము అటునిటైన యెడల ఒకని ఆస్తి పోవును, మరియొకని ప్రాణము పోవును. ఇట్టి పనిలో ఏండ్లు గడిపిన మనిషికి చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పుట స్వభావమగును. ఆయన గ్రంథమును చదువువారికి ఆ స్వభావము పుట పుటను కనబడును.

ఆయనకు ఏబదియేండ్లు వచ్చునప్పటికి కాశీయాత్ర సంకల్పము కలిగెను. కొలువునుండి సెలవు పొంది, కుటుంబమువారు, బంధువులు, పరిచారకులు, బోయీలు మొదలగువారితో బయలుదేరెను. అందరును కలిసి సుమారు నూరుగురు.

అప్పటి ప్రయాణ మెట్టిదో నేటి బాలురు ఊహింపవలెను. మన దేశమున మొదటి ప్రయాణీకుల రైలు 1853లో బొంబాయియందు నడచినది. మన పొరుగుననే యున్న రాయపురము స్టేషనునుండి దక్షిణదేశపు మొదటి రైలు 1856లో బయలుదేరినది. వీరాస్వామయ్య కాశికి పోవునాటికి ఇవేవియు లేవు. తంతితపాలు లేదు. పెద్దనదులపై వంతెనలు అరుదు. నేడు చెన్నై నగరములో రైలెక్కినవాడు రెండుమూడు దినములలో కాశిలో దిగును. నాడు ధనవంతుడైనను పల్లకి యెక్కవలసినదే, పేదవాడైనచో కాలినడకను నమ్ముకొనవలసినదే. పల్లకియైనను నడిచెడి కాళ్లు మనుష్యులవే గనుక, అందరి వేగమును ఒక్కటియే. దినమునకు ఒక మజిలీ, అనగా కొన్ని క్రోసులు మాత్రమే సాగును.

ఇచట ఒక లెక్క వేసి చూతము. మనిషికి దినమునకు అరవీశ బియ్యమనుకొన్నచో నూరుగురకు 50 వీశలు కావలెను. నేటి తూకమున అది సుమారు 70 కిలోలు. పది దినములకు 700 కిలోలు. ఒక పెరిక ఎద్దు సుమారు 100 కిలోలు మోయుననుకొన్నను, పది దినముల బియ్యమునకే ఏడెద్దులు కావలెను. పప్పు, ఉప్పు, చింతపండు, నెయ్యి, వంటపాత్రలు, డేరాలు, పడకలు వేరు. ఆ యెద్దులకు మేత వేరు. మోత పెరిగినకొలది మోయువారు పెరుగుదురు. మోయువారు పెరిగినకొలది తినువారు పెరుగుదురు. కావున ఇంటినుండి అన్నియు మోసికొని పోవుట అసాధ్యము. ఏ పూట కావలసినది ఆ పూట, ఏ యూర దొరకినది ఆ యూర కొనవలసినదే.

ఈ కారణముచేతనే వీరాస్వామయ్య ప్రతి మజిలీయందును కొన్ని విషయములను తప్పక వ్రాసికొనెను. ఊరు పెద్దదా, చిన్నదా? అంగళ్లు గలవా? బాటసారులకు కావలసిన సామానులన్నియు దొరకునా, కొన్నియే దొరకునా? మంచినీటి బావి గాని, చెరువు గాని యున్నదా? సత్రము గలదా, లేనిచో డేరా వేయుటకు చెట్ల నీడ గలదా? ముందు దారి ఇసుకయా, రాయియా, రేగడియా, అడవియా? కేవలము గుడులను, గోపురములను మాత్రమే వర్ణించి యుండినచో ఆయన పుస్తకము భక్తులకు మాత్రమే పనికివచ్చెడిది. కాని తన వెనుక రాబోవు పేదయాత్రికుడు ఆకలితో ఒక యూరు చేరి, అచట అంగడి లేదని తెలిసి విలపింపరాదని ఆయన తలచెను. ముందు పోవువాడు వెనుక వచ్చువానికి చెప్పవలసిన మాట ఇదియే గదా.

ఆయనతో డేరాలుండెను. సత్రమున్నచోట సత్రమున, లేనిచోట తోపులలో డేరాలు దిగెడివి. డేరా గలవానికి స్వేచ్ఛ గలదు, శ్రమయు గలదు. చోటు చూచుకొనుట, నేల చదును చేయుట, గుంజలు పాతుట, పొయ్యి రాళ్లు కూర్చుట, కట్టెలు సంపాదించుట, నీరు తెచ్చుట, వండుట, తినుట, మరల అన్నియు విప్పి కట్టుట. నిలిచిన యింట నెలకొకసారి చేయు సర్దుబాటు బాటమీద ప్రతిదినమును చేయవలెను. బయలుదేరిన కొలది వారములకే వానలు వచ్చెను. తడిసిన డేరా బరువు ఇంతింతనరాదు. తడికట్టెలతో పొయ్యి మండదు. అట్టిచోట అక్కరలేని వస్తువు ఒక్కటి యెక్కువైనను అది సొత్తు కాదు, మోతయే. మితముగా జీవించుట అనునది ఉపన్యాసములవలన గాక ఇట్టి మజిలీలవలననే మనిషికి బోధపడును.

ఇక ధనము సంగతి. చేతిలో రూపాయలున్నను అవి అన్నిచోట్లను చెల్లెడివి కావు. నాడు చెన్నపట్టణపు నాణెము వేరు, హైదరాబాదు నైజాము నాణెము వేరు, నాగపురము భోంసలే రాజుల నాణెము వేరు, కలకత్తా సిక్కా రూపాయి వేరు. ఒక సీమ దాటి మరియొక సీమ చేరగానే షరాబు నొద్దకు పోవలెను. అతడు రూపాయిని మ్రోగించి, తూచి, దానిపై వట్టము పట్టి అచ్చటి నాణెము నిచ్చును. ఇట్లు నాలుగైదు సీమలు దాటువరకు మూటలోని ధనము ఖర్చు కాకయే కొంత కరగును. వీరాస్వామయ్య ఈ నాణెముల భేదములను గూడ శ్రద్ధతో గమనించెను. దేశమంతట ఒకే తీరు కంపెనీ రూపాయి 1835లో గాని రాలేదు. ఆ మరుసటి యేడే ఆయన మరణించెను.

నాణెమునకు లొంగని పల్లెలును గలవు. నాడు లోపలి గ్రామములలో కూలి గింజలరూపముననే యిచ్చెడివారు. కుమ్మరి కుండకును, కమ్మరి కొడవలికిని, గొల్లవాని మజ్జిగకును కొలత గింజలే. వస్తువునకు వస్తువు ఇచ్చిపుచ్చుకొనుటయే వారి వ్యాపారము. రూపాయికి చిల్లర యెచట దొరకును? బంగాళమునందును, ఓఢ్రదేశమునందును సన్నబేరములకు గవ్వలు చెల్లెడివి. మనము ఆటలందు వాడు గవ్వలే అచట చిల్లర నాణెములు. సముద్రతీరపు ఉప్పును లంబాడీలు ఎద్దులపై వేసికొని లోపలి సీమలకు పోయి, ఉప్పుకు మారుగా ధాన్యము తెచ్చెడివారు. ఇది మనకు దూరపు సంగతి కాదు. మన ఉత్తరమున ఎన్నూరు ప్రాంతమున ఉప్పుమళ్లు ఉండెను. 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరునకు త్రవ్వించిన కాలువ నాడే పడవలతో సందడిగా నుండెను. తరువాత బకింగుహాము కాలువ అనిపించుకొన్నది అదియే. మన తీరపు ఉప్పు ఏ దూరపు పల్లెలోనో జొన్నలుగా మారెడిది. ఆ కాలువ యొడ్డు సీమనుండి బయలుదేరిన వీరాస్వామయ్య ఆ జొన్నల సీమ గుండ పోయెను.

ఆయన పోయిన దారి యిది. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము చూచుకొని, కృష్ణ దాటి, వనపర్తిమీదుగా హైదరాబాదు చేరెను. తిరుపతి దేవస్థానము నాడు కంపెనీ దొరల పాలనలో నుండెను. 1843లో గాని అది మహంతుల చేతికి రాలేదు. హైదరాబాదున అప్పటికి నాసిరుద్దౌలా నైజాము గద్దెనెక్కి ఒక యేడు మాత్రమే అయ్యెను. అచటినుండి నిర్మల, నాగపురము, జబ్బలపురము, మిర్జాపురము దాటి ప్రయాగ చేరెను. ఒక్క యాత్రలోనే ఆయన కంపెనీ సీమను, నైజాము సీమను, భోంసలే సీమను చూచెను. ఏ సీమలో ప్రజ నిర్భయముగా నున్నది, ఏ సీమలో సుంకపువారును, జమీందారులును బాటసారిని పీడింతురు అను భేదము ఆయన కండ్లకు స్పష్టముగా కనబడెను. నర్మదా ప్రాంతపు బాటలలో నాడు ఠగ్గుల భయము మెండు. యాత్రికులతో స్నేహముగా నడిచి, నమ్మించి, ఉరిబిగించి చంపుట వారి వృత్తి. వారిని అణచు ప్రయత్నము ఆ దినములలోనే జబ్బలపుర ప్రాంతమున సాగుచుండెను. నూరుగురు కూడి నడుచుట ఆడంబరము కొరకు మాత్రమే గాదని దీనివలన తెలియగలదు.

ప్రయాగ, గయ, జగన్నాథము లందు కంపెనీవారు యాత్రికులనుండి పన్ను తీసికొనెడివారు. 1840లో గాని ఆ పన్ను రద్దు కాలేదు. వీరాస్వామయ్య ప్రయాగనుండి కాశికి, అటనుండి గయకు పోయి, పిదప గంగమీద పడవలలో కలకత్తా ప్రాంతము చేరెను. బాటపై ఎద్దులకును బోయీలకును కావలసిన వ్యయము, శ్రమ నదిపై తగ్గును. కాని నదియొక్క ఓర్పును బట్టి మనిషి నడువవలెను. గాలి యెదురైన నిలువవలెను, ఇసుకతిన్నె తగిలిన త్రోయవలెను. కలకత్తా చూచిన పిమ్మట జగన్నాథము సేవించి, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు సీమలమీదుగా తీరపుబాటను దక్షిణమునకు వచ్చెను.

ఆ తిరుగు ప్రయాణమున ఆయన చూచిన ఆంధ్రదేశము నేటిది కాదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. ఆయన దాటునాటికి గోదావరియు, కృష్ణయు కట్టుబాటు లేని నదులు. పొలములు వానను నమ్ముకొన్నవి. ఆయన దాటిపోయిన మరుసటి యేటనే, 1832లో, వానలు తప్పెను. గుంటూరు సీమలో డొక్కలకరవని నేటికిని చెప్పుకొను మహాక్షామము వచ్చి లక్షలమంది మరణించిరి. ఆయన అంగళ్లు లెక్కించిన యూళ్లలో ఎన్నిటియందు దీపము లారిపోయెనో! కరవునకు ముందు ఆ తీరపు గ్రామములు ఎట్లుండెనో తెలిసికొన గోరువారికి ఆయన దినచర్య నేడు చరిత్రయైనది. బాటసారి తన అన్నము కొరకు వ్రాసికొన్న లెక్క కాలము గడచిన పిదప దేశము యొక్క లెక్క అయ్యెను.

ఆయన ఈ విషయముల నన్నిటిని తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు ఎప్పటికప్పుడు వ్రాసి పంపుచుండెను. శ్రీనివాసపిళ్ళ చెన్నపట్టణమున విద్యాభివృద్ధికి, పచ్చయప్ప ధర్మనిధి కార్యములకు పాటుపడిన ప్రముఖుడు. వీరాస్వామయ్య 1836లో స్వర్గస్థుడైన పిమ్మట ఆ మిత్రుడు ఆ వ్రాతలను కూర్చి, ఆయన చరిత్రమును చేర్చి, 1838లో అచ్చు వేయించెను. 1869లో అది రెండవసారి ముద్రితమాయెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన పీఠికతోను, వివరణములతోను మరల ప్రకటించిరి. వారి కృషియే లేకున్నచో ఈ మహనీయుని కథ చాలవరకు మరుగున పడియుండెడిది.

ఇంతవరకు ఆయనను ప్రశంసించితిమి. అయినను ఒక మాట దాచరాదు. వీరాస్వామయ్య పేదవాడు కాడు. ఉన్నతోద్యోగి. ఆయన పల్లకిలో కూర్చుండగా బోయీలు మోసిరి. కాశికి పోయి వచ్చిన పుణ్యము ఆయనది, బాటలోని ముండ్లును, బురదయును వారి పాదములవి. ఆయన పేరు మనకు తెలిసినది, వారి పేర్లు లోక మెరుగదు. ఆ కాలమున అది ఎవరికిని వింతగా తోచలేదు. మనకు మాత్రము తోచవలెను. ఆయనను గౌరవించుటలో వారిని మరువకుండుటయు ఒక భాగమని మా తలంపు. నూరుగురు తినిన అన్నపు లెక్కలో బోయీ అన్నమును గలదు. మజిలీలో అంగడి యున్నదా యని ఆయన మొదట విచారించుట ఆ బోయీల కడుపులకును మేలు చేసినదే.

పొదుపు వేరు, లోభము వేరు. లోభి తనకు గలది ఇతరులకు దక్కనీయడు. పొదుపరి తనకు అక్కరలేనిది తన దగ్గర ఉంచుకొనడు. బాటమీద నూరుగురను పదునైదు నెలలు నడపినవానికి నేటి పూటతోబాటు రేపటి మజిలీయును తలపున నుండవలెను. నేడు నేయి యెక్కువ పోసినచో రేపు దొరకని యూరు రావచ్చును. నేడు ఒక దినము వృథాగా నిలిచినచో నూరుగురి దినబత్తెము వృథా. ఇట్టి లెక్క చేతకానివాడు ఎంత ధనికుడైనను నడిదారిలో చేతులు చాచవలసినదే. ఈ లెక్క చేతనైనవానికి తెలియని సీమయందును తలయెత్తుకొని తిరుగు ధైర్యము గలదు.

కడపట మన భాషను గూర్చిన సంగతి యొకటి గలదు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు చెన్నపట్టణము దానిలో చేరలేదు. తరతరములుగా ఇచట నివసించు తెలుగువారము ఇచటనే నిలిచితిమి. ఊరి భాష తమిళము, ఉద్యోగపు భాష ఇంగ్లీషు, ఇక తెలుగెందుకని మనల నడుగువారు గలరు. మన యిండ్లలోనే యడుగువారును గలరు. ఈ ప్రశ్నకు వీరాస్వామయ్య జీవితమే ప్రత్యుత్తరమని మాకు తోచుచున్నది. ఆయన ఇంగ్లీషుతో జీవనము చేసెను. తమిళము తెలిసి తమిళదేశమున బ్రదికెను. ఆ రెండింటిలో దేనిని తక్కువ చేయలేదు. కాని తాను చూచిన లోకమును మిత్రునికి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగున వ్రాసెను. అదియు పండితుల గ్రాంథికమున గాదు. చెన్నపట్టణపు తెలుగువారు ఇంటను, కచేరిలోను మాటలాడు భాషలో, తమిళపు మాట వచ్చిన తమిళపు మాటను, హిందుస్తానీ మాట వచ్చిన హిందుస్తానీ మాటను చేర్చుకొని, ఆ వ్రాత సాగినది. షరాబు వట్టము పుచ్చుకొని నాణెములు మార్చెను గాని, వీరాస్వామయ్య నాలుగు భాషల నడుమ మాటలు మార్చి ఏ భాషకును నష్టము కలుగనీయలేదు.

తిరువొత్తియూరు త్యాగరాజస్వామి సన్నిధి చూచుటకు దూరదేశములనుండి జనులు వత్తురు. వాగ్గేయకారుడు త్యాగరాజు ఇచటికి వచ్చి త్రిపురసుందరీదేవిపై తెలుగు కీర్తనలు రచించిన సంగతి మన మందరము సగర్వముగా చెప్పుకొందుము. ఆ త్యాగరాజునకు సమకాలికుడును, మన ప్రక్కవాడును అయిన వీరాస్వామయ్యను గూడ ఇకమీదట తలచుకొందము. మన పాఠశాలనుండి విహారయాత్రకు పోవు విద్యార్థులు ఒక చిన్న పుస్తకమును వెంట తీసికొనిపోవుదురు గాక. ఏ యూర నీరు మంచిది, ఏ యూర అన్న మేమి వెల, దారి యెట్టిది, అచటి జనులు ఏ పని చేసి బ్రదుకుదురు అను నాలుగు సంగతులు తెలుగున వ్రాసికొని వత్తురు గాక. తండయారుపేట తోటలోని పెద్దమనిషి చేసినది, చూడబోయిన, ఇంతియే. దానిని ఆయన పదునైదు నెలలు చేసెను.